రొంటిలో డబ్బు: టేకల్ నుంచి బయల్దేరినవాళ్ల కథ

2019లో మా అన్న కొడుకు నేపాల్ కొండల్లో నడవడానికి పోయి, తిరుగుదారిలో నామ్చే బజార్ నుంచి ఫోన్ చేసినాడు. నామ్చే అంటే 3,440 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. ఎవరెస్టు దారిలో నమ్మకంగా ఏటీఎం దొరికే ఆఖరి చోటు దాదాపు అదే. పైకి పోయేటప్పుడు వీడు ఆ ఏటీఎం ముందర నిలబడి, "కార్డు ఉంది కదా, వచ్చేటప్పుడు చూసుకుందాంలే" అనుకున్నాడంట. ఇంకా రెండు రోజుల నడక పైన మంచు పట్టుకుంది. మూడు రోజులు ఒక చిన్న లాడ్జీలో చిక్కుకుపోయినాడు. అన్నం పప్పుకు డబ్బు, వేణ్ణీళ్లకు డబ్బు, ఆఖరికి ఫోను చార్జింగుకూ డబ్బే. చేతిలో ఉన్న నేపాలీ రూపాయిలు అయిపోయినాయి. పర్సులో మన 500 నోట్లు రెండు ఉన్నా, 100కు మించిన ఇండియా నోట్లు చెల్లవని నేపాల్ ప్రభుత్వం 2018 డిసెంబరులోనే చెప్పేసింది. లాడ్జీ నడిపే ఆమె వాడి పేరు, బాకీ ఒక నోటుబుక్కులో రాసుకుని, "నామ్చేకి పోయినాక పంపించు బాబూ" అని పంపించేసింది.

ఈ కథంతా స్పీకరులో విన్న మా చిన్నాయన ఒకటే మాట అడిగినాడు. "ఏంరా, రొంటిలో ఏమీ పెట్టుకోకుండానే బయల్దేరినావా?"

రొంటి అంటే ఏమిటో పిల్లోడికి తెలీదు. పంచె కట్టేవాడు నడుం దగ్గర మడిచి, అందులో డబ్బు దోపుకునే చోటు అది. మా ఇంట్లో ఆ మాట విని ఇరవై ఏళ్లయింది. ఆ రాత్రి నుంచి మొదలైంది నాకు ఈ వెతుకులాట. మన టేకల్ నుంచి ఊరు దాటి పోయినవాళ్లు దారి ఖర్చుకు డబ్బు ఎట్లా తీసుకుపోయేవాళ్లు? అయిపోతే ఎక్కడ తెచ్చుకునేవాళ్లు? ఇంటికి ఎట్లా పంపేవాళ్లు?

టేకల్ తెలియని మన పిల్లల కోసం రెండు మాటలు. కోలారు జిల్లా, మాలూరు తాలూకా. బెంగళూరు నుంచి బంగారుపేటకు పోయే రైలు మార్గంలో మాలూరు దాటినాక వస్తుంది. రైల్వే బోర్డు మీద 'ట్యాకల్' అని ఉంటుంది, అది చూసి వేరే ఊరనుకుని దిగకుండా పోయిన చుట్టాలు మనకు ఉన్నారు. చుట్టూ బండరాళ్ల గుట్టలు. 15వ శతాబ్దంలో విజయనగర రాజుల కింద సాళువ గోపరాజు ఇక్కణ్ణుంచి ఏలినాడు. వరదరాజస్వామి గుడి ఆ కాలపు సంగతే. బయట కన్నడం, ఇంట్లో తెలుగు, సంతలో రెండూ, బంగారు గనుల వైపు పోతే అరవం. ఇదీ మన సీమ.

రైలు రాకముందు ఈ సీమలో నడిచిన నాణేల సంగతి చూస్తే తల తిరుగుతుంది. బంగారు వరహాలు, బంగారు హణాలు, వెండి రూపాయిలు, రాగి కాసులు. మైసూరు కంఠీరవ నరసరాజ ఒడయరు 17వ శతాబ్దంలో వేయించిన కంఠీరాయ హణం గ్రాములో మూడో వంతు బరువుండే చిన్న బంగారు బిళ్ల. గోరు సందులో దూరిపోతుంది. పది హణాలు కలిస్తే ఒక వరహా లెక్క. హైదరు వేయించిన వరహా వేరు, టిప్పు నాణేలు వేరు, మద్రాసు కంపెనీవాళ్ల స్టార్ పగోడా వేరు. తూర్పుగా ఘాట్ దిగి మద్రాసు వైపు పోతే ఒక లెక్క, పడమరగా శ్రీరంగపట్నం వైపు పోతే ఇంకో లెక్క. 1818లో మద్రాసు కంపెనీ వెండి రూపాయిని ప్రమాణం చేసి, 100 పగోడాలకు 350 రూపాయిలని కట్టింది. 1835లో కంపెనీ రాజ్యమంతటికీ ఒకే రూపాయి వచ్చింది. అంతవరకు బాటసారికి దేవుడు తర్వాత షరాబే దిక్కు.

షరాబు నాణేన్ని రాతి మీద గీస్తాడు, మోగిస్తాడు, తూస్తాడు. అరిగిందంటే వట్టం కోస్తాడు. పరాయి నాణెమంటే మళ్లీ వట్టం. ఇవాళ పరాయి దేశపు ఏటీఎంలో మన కార్డు పెడితే మెషీను వాడు ఒక చార్జీ, మన బ్యాంకు ఒక చార్జీ, మారకపు రేటులో ఇంకొంచెం కోస్తారు కదా. షరాబు అయితే ఎంత కోసినాడో మొహం చూసి చెప్పేవాడు, మనమూ బేరమాడేదానికి ఉండేది. నన్నడిగితే ఆ ఒక్క విషయంలో ఆ కాలమే మేలు.

ఇంకో చిక్కు బరువు. 1835 తర్వాతి వెండి రూపాయి 180 గ్రెయిన్లు, అంటే సుమారు 11.66 గ్రాములు. నూరు రూపాయిలు నడుముకు కట్టుకుంటే కేజీ దాటుతుంది. అదైనా మోయొచ్చు. కానీ పల్లెలో రూపాయి ఎవరు మారుస్తారు? పిడికెడు అటుకులు, ఒక ముంత మజ్జిగ కొనేదానికి కాసులు కావాలి, దమ్మిడీలు కావాలి. కంపెనీ రాగి కానీ, అంటే పావు అణా, 100 గ్రెయిన్లు. రూపాయికి అవి 64. ఒక్క రూపాయి చిల్లర 400 గ్రాములకు పైన! పది రూపాయల చిల్లర మోయాలంటే నాలుగు కేజీలు. కాబట్టి తెలిసినవాడు ఏం చేసేవాడంటే, నాలుగైదు రోజుల నడకకు సరిపడా రాగి మాత్రం సంచీలో పెట్టుకుని, వెండి రొంటిలో దోపుకుని, బంగారం ఉంటే ఎవరికీ కనపడని చోట కుట్టుకునేవాడు. సంత ఉన్న ఊరు వచ్చినప్పుడల్లా ఒక రూపాయి మార్చుకునేవాడు. పల్లెల్లో తిరిగేవాడికి డబ్బు లేకపోవడం కన్నా చిల్లర లేకపోవడమే ఎక్కువ కష్టం. మా పిల్లోడు కూడా ఇదే చెప్పినాడు. నేపాల్ కొండల్లో వెయ్యి నోటు చూపిస్తే టీ అంగడివాళ్లు నవ్వుతారంట.

డబ్బు పెట్టుకునే సంచీకి మన పెద్దవాళ్ల మాట జాలె. పొడుగ్గా, గొట్టంలాగా కుట్టిన గుడ్డ సంచీ. డబ్బు పోసి, నడుముకు రెండు చుట్లు చుట్టి, పైన పంచె కడితే బయటికి కనపడదు. ఇప్పుడు విమానాశ్రయాల్లో 'మనీ బెల్టు' అని అమ్మేది అదే. ఆడవాళ్లకు కొంగుముడి, అవ్వలకు వక్కాకు తిత్తి. తిత్తిలో తమలపాకు, వక్క, సున్నంకాయ, వాటి అడుగున మడిచిన డబ్బు. దొంగకు కూడా అవ్వ వక్కాకు తిత్తిలో చెయ్యి పెట్టేదానికి సిగ్గు.

పెద్ద మొత్తాలు తీసుకుపోయేవాళ్ల దారి వేరు. వాళ్లకు హుండీ ఉండేది. తిరుపతి హుండీ కాదు, పేరు ఒకటే గానీ పని వేరు. ఇక్కడ ఒక సాహుకారు దగ్గర డబ్బు కడితే, ఫలానా ఊళ్లో ఉన్న తన మనిషికి చీటీ రాసిస్తాడు. అక్కడ చూపిస్తే డబ్బు ఇస్తారు. చూపగానే ఇచ్చేది దర్శనీ హుండీ, గడువు పెట్టి ఇచ్చేది ముద్దతీ హుండీ. కాగితం పోయినా ప్రాణం పోదు. కానీ సాహుకారు కొట్టు ఉన్న పట్నాల్లోనే ఇది పని చేస్తుంది. రెండు పట్నాల నడుమ ఉన్న పల్లెల్లో మళ్లీ రొంటే గతి.

తెలుగువాళ్లలో ఈ తిప్పలన్నీ దారిపొడుగునా కళ్లారా చూసి రాసిపెట్టిన మహానుభావుడు ఏనుగుల వీరాస్వామయ్య. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాషీ. 1830 మే 18న మద్రాసు నుంచి బయల్దేరి, కడప, హైదరాబాదు, నాగపూరుల మీదుగా కాశీకి పోయి, కలకత్తా, పూరీ చూసుకుని 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చినాడు. పదిహేను నెలలు! ఆయన 'కాశీయాత్ర చరిత్ర'లో గుళ్ల వర్ణనలే ఉంటాయనుకునేరు. ఏ ఊళ్లో దిగేదానికి చోటుంది, ఏం దొరుకుతుంది, ఏ రాజ్యంలో ఏ రూపాయి చెల్లుతుంది అనే లోకజ్ఞానం నిండుగా ఉంటుంది. అయితే ఆయన వెంట బోయీలు, పల్లకీలు, పరివారం ఉన్నారు. మన టేకల్ రైతు యాత్ర అట్లాంటిది కాదు.

మన యాత్ర తిరుపతి. టేకల్ నుంచి కోలారు, ముళబాగిలు, నంగలి, పలమనేరు, మొగిలి ఘాట్ దిగి చిత్తూరు, అక్కణ్ణుంచి తిరుపతి. నడిచిపోయేవాళ్ల దగ్గర రెండు మూటలుండేవి. ఒకటి దారిబత్తెం, అంటే సద్ది, రాగిపిండి, ఉప్పు, మిరపకాయలు. రెండోది ముడుపు. పసుపు గుడ్డలో కట్టిన స్వామి డబ్బు. ఆకలితో కళ్లు తిరిగినా ముడుపు విప్పకూడదు. అందుకే దారిలో గోవిందా అని ఇల్లిల్లూ అడుక్కుని తినేవాళ్లు. ఉన్నవాళ్లూ అడుక్కునేవాళ్లే, అది మొక్కులో భాగం. నడుముకు డబ్బు కట్టుకుని బిచ్చమెత్తడం బయటివాళ్లకు విడ్డూరంగా కనపడొచ్చు. కానీ దారిలో ఒక్కొక్కడూ ఎట్లా బతికి బట్టకట్టాలో ఆ మొక్కే నేర్పింది.

1864 ఆగస్టులో మద్రాసు రైలు బెంగళూరు దండు దాకా వచ్చింది, మన టేకల్ గుట్టల పక్కగానే. అప్పటి మైసూరు కమిషనరు బౌరింగ్ పేరున బౌరింగ్‌పేట అనే స్టేషను ఏర్పడింది, ఇప్పటి బంగారుపేట. ఆ తర్వాత మన సీమ డబ్బు కథను మార్చేసినవి రెండు, రెండూ ఒకే ఏడాదివి. 1880లో జాన్ టేలర్ కంపెనీ కోలారు బంగారు గనుల్లో అడుగు పెట్టింది. అదే 1880 జనవరి 1న మనియార్డరు పని తపాలా శాఖ చేతికి వచ్చింది. అంతకు ముందు సర్కారు ఖజానాల్లో మాత్రమే, దేశం మొత్తానికి దాదాపు మూడు వందల చోట్ల మాత్రమే ఇట్లాంటి డబ్బు చీటీలు దొరికేవి. ఒక్కసారిగా అది ఐదు వేలకు పైబడిన పోస్టాఫీసుల్లో దొరికింది. కూలివాడి డబ్బు మొదటిసారిగా వాడికన్నా వేగంగా నడిచింది.

కాగితం నోట్లు లేవా అంటే, 1861 చట్టంతో సర్కారు నోట్లు వచ్చినాయి. కానీ ఒక్కో నోటుకు ఒక్కో 'సర్కిలు'. మద్రాసు సర్కిలు నోటును బొంబాయి సర్కిలులో తీసుకోవాలనే చట్టం లేదు. పది రూపాయల నోటు 1910లో, నూరు రూపాయల నోటు 1911లో గానీ దేశమంతటా చెల్లుబాటు కాలేదు. పోస్టులో నోట్లు పంపేవాళ్లు నోటును రెండు ముక్కలుగా కత్తిరించి, మొదటి ముక్క చేరిందని జాబు వచ్చినాక రెండోది పంపేవాళ్లు. దొంగకు ఒక ముక్క దొరికితే ఉపయోగం లేదు. ఇప్పుడు బ్యాంకువాడు పాస్‌వర్డు అడిగి మళ్లీ ఓటీపీ అడిగితే విసుక్కుంటాం మనం!

గనుల్లో పని చేసేదానికి చిత్తూరు, కుప్పం, ఉత్తర ఆర్కాటు వైపుల నుంచి తెలుగువాళ్లు, తమిళులు వేలల్లో వచ్చినారు. 1894కు బౌరింగ్‌పేట నుంచి గనుల్లోకి రైలు దారి పడింది. జీతం రోజు రాబర్ట్‌సన్‌పేట, అండర్సన్‌పేట అంగళ్లలో అప్పులు తీర్చినాక మిగిలింది మనియార్డరు. కాళ్ల కింద బంగారం, చేతిలో మనియార్డరు ఫారం. ఆ ఫారం రాసేదానికి కూడా పోస్టాఫీసు అరుగు మీద ఒక రాయసగాడికి అణానో అర్ధణానో ఇచ్చుకోవాలి.

మా ఇంటి కథ గనులది కాదు, రాయిది. మా తాత రాతిపని మనిషి. 1940ల చివర తుంగభద్ర ఆనకట్ట కట్టేటప్పుడు హొసపేట పోయినాడు. ఆ ఆనకట్ట సిమెంటు కాంక్రీటుతో కట్టింది కాదు, రాతిని సున్నం సుర్కీతో పేర్చిన కట్టడం. 1945లో మొదలై 1953లో పూర్తయింది. రాయి చెక్కే చేతులు ఎక్కడున్నా అక్కడికి పిలుపు పోయింది. మనది మైసూరు సంస్థానం, అది మద్రాసు రాజధానిలోని బళ్లారి జిల్లా. తాతకు అది పరదేశమే.

ఆయన పంపిన మనియార్డర్ల కూపన్లు మా అవ్వ ఒక బిస్కెట్ల డబ్బాలో దాచింది. మనియార్డరు ఫారం అడుగున చిన్న చీలిక ఉండేది, పంపేవాడు రెండు ముక్కలు రాసుకునేదానికి. డబ్బు తెచ్చిన పోస్టుమేను అది చింపి ఇంట్లోవాళ్లకు ఇచ్చేవాడు. ఇంకో ముక్క మీద డబ్బు అందుకున్నవాళ్ల సంతకమో వేలిముద్రో తీసుకుని పంపినవాడికి తిప్పి పంపేవాళ్లు. రసీదు. మా అవ్వకు చదువు రాదు. పోస్టుమేను చదివి వినిపించాలి, సాక్షి సంతకం చెయ్యాలి, అందుకు పండగ మామూలు పుచ్చుకోవాలి. ఇదంతా ఊరంతటికీ తెలిసిన వ్యవహారమే.

కూపన్ల మీద ఉన్నవి ప్రేమలేఖలేమీ కావు. "15 రూ. పంపినాను. గొడ్డుకు గడ్డి కొను. షావుకారుకు 6 ఇయ్యి." అంతే. ఒక దాని మీద మాత్రం, "పోయిన నెల వేలిముద్ర రాలేదు. ఎందుకు" అని ఉంది. ఆ నెల ఏమైందో చిన్నాయన చెప్తే గానీ నాకు తెలియలేదు. ఊళ్లో కలరా. అవ్వ ముగ్గురు పిల్లలతో పుట్టింటికి పోయింది, మనియార్డరు తిరిగి పోయింది. డబ్బు వెనక్కి వచ్చేసరికి తాత అక్కడ పని వదిలేసి బయల్దేరినాడు. గుంతకల్లు మీదుగా బెంగళూరు, బెంగళూరు నుంచి టేకల్. వచ్చి చూస్తే ఇంటికి గొళ్లెం. పక్కింటివాళ్లు "పుట్టింట్లో ఉన్నారు, అందరూ బాగున్నారు" అనే వరకు ఆయన గడప మీదే కూర్చుండిపోయినాడంట. పదిహేను రూపాయలకు రసీదు ఆ వేలిముద్ర. ఆయనకు మాత్రం అది ఇంట్లోవాళ్లు బతికి ఉన్నారనే కబురు.

డబ్బు ఉండీ చెల్లకపోవడం ఇంతకన్నా ఘోరంగా చూసినవాళ్లు బర్మా తెలుగువాళ్లు. 1937లో బర్మాను ఇండియా నుంచి విడదీసినాక అక్కడి నోట్లను కూడా మన రిజర్వు బ్యాంకే వేసేది గానీ, 'బర్మాలో మాత్రమే చెల్లును' అని వాటి మీద ముద్ర ఉండేది. 1942లో జపాను సైన్యం రంగూను పట్టుకున్నప్పుడు లక్షల మంది మనవాళ్లు అరాకాను కొండల్లో, మణిపురం అడవుల్లో నడిచి వచ్చినారు. దారిలో పడవవాడు అడిగింది ఇవ్వాలి, మోసేవాడు అడిగింది ఇవ్వాలి. నగలు నడుముకు కట్టుకున్నవాళ్లకు కాస్త నయం. వాళ్లను బర్మాలో కోరంగీలని పిలిచేవాళ్లు, గోదావరి ఒడ్డున ఉన్న కోరంగి రేవు పేరు మీద. ఇవతల ఒడ్డుకు చేరినాక ఆ పేరు తప్ప ఏమీ మిగలనివాళ్లు ఎందరో.

మన అమెరికా చుట్టాలకూ ఇట్లాంటి కథ ఒకటి ఉంది. 1970ల మొదట్లో చదువుకు పోయిన మా మేనమామ జేబులో 8 డాలర్లు ఉండేవి. ఎక్కువ ఇచ్చేదానికి మన దేశం దగ్గర విదేశీ మారకం లేదు, చట్టం ఒప్పుకునేది కాదు. 'పి ఫారం' మీద స్టాంపు వేసి అంతే చేతికిచ్చేవాళ్లు. లోకంలో మిగతావాళ్లకు 1891 నుంచీ అమెరికన్ ఎక్స్‌ప్రెస్ ట్రావెలర్స్ చెక్కులు ఉన్నాయి, సంతకం చేసి కొని, సంతకం చేసి మార్చుకునేవి. మా మామకు అవి కొనే భాగ్యం లేదు. న్యూయార్కులో దిగి, ఇంకో బస్సెక్కి పోవాల్సిన చిన్న ఊరికి ఆ డబ్బుతో టికెట్టు రాలేదు. బస్టాండులో కనపడిన ఒక గుజరాతీ ఆయన కొనిచ్చినాడంట. ఆయన చిరునామా తీసుకోలేదని మామ ఇప్పటికీ బాధపడతాడు. ఇప్పుడు ఏడాదికి రెండున్నర లక్షల డాలర్ల దాకా పంపుకోవచ్చు. 2024లో పారిస్‌లో ఈఫెల్ టవర్ టికెట్టుకు యూపీఐ మొదలైంది. మంచిదే. ఈఫెల్ టవర్ దగ్గర ఎవరి డబ్బైనా చెల్లుతుంది. నెట్ లేని కొండ పల్లె సంగతి వేరు.

మా పిల్లోడు నామ్చేలో డబ్బు తీసినాక, పైకి సామాను మోసుకుపోయే ఒక కుర్రాడి చేతికి బాకీ డబ్బు, ఒక చీటీ ఇచ్చి పంపినాడు. చేరిందో లేదో అని ఇంటికి వచ్చినాక కూడా రోజూ ఫోను చూసుకునేవాడు. పన్నెండో రోజు ఫోటో వచ్చింది, నోటుబుక్కులో వాడి పేరు కొట్టేసి ఉన్న పేజీ. ఆ నోటుబుక్కు ఫోటోను చిన్నాయన కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసినాడు. ఏమీ అనలేదు. మరుసటి ఏడు వాడు లద్దాఖ్ పోయేటప్పుడు మాత్రం ట్రంకుపెట్టెలోంచి తాత జాలె తీసి ఇచ్చినాడు. చిలుములు పట్టి, ఉప్పు చెమట మరకలతో ఉంది. వాడు దాన్ని నిజంగానే కట్టుకుని పోయినాడు, చొక్కా కింద.

పాత పద్ధతి మనియార్డరు 2015 ఏప్రిల్లో ఆగిపోయింది. ఆ కూపన్లు, వేలిముద్రల రసీదులు ఇంకా మీ ఇళ్లలో ఏ బియ్యం డబ్బాలోనో, దేవుడి గూట్లోనో ఉండే ఉంటాయి. ఇల్లు మారేటప్పుడు, పెద్దవాళ్లు పోయినాక సర్దేటప్పుడు అవి చెత్తలోకి పోతాయి. పారేసే ముందు వెనక వైపు తిప్పి చూడండి. పెన్సిలుతో రాసినవి, వెలిసిపోయి ఉంటాయి, ఎండలో కొంచెం ఏటవాలుగా పట్టుకుంటే కనపడతాయి. మాలూరు, టేకల్, బంగారుపేట పోస్టు ముద్రలు ఉన్నవి ఎవరి దగ్గరైనా ఉంటే మాకు ఒక ఫోటో పంపండి. మా తాతది 1949 నాటి ఒక రసీదు దొరకలేదు. ఆ కలరా నెల తర్వాత ఆయన మళ్లీ హొసపేట పోయి పంపిన మొదటి డబ్బుది.